ఆఫ్రికా గోడ మ్యాపు, తెలుగు ముద్రణ: ఐదుకి మూడున్నర

కొనొచ్చా అంటే కొనొచ్చు. కొన్నాక మాత్రం ఒక ఎర్ర మార్కరు, ఒక నల్ల మార్కరు, కాస్త తీరిక దగ్గర పెట్టుకోండి. పటంలో కొన్ని గీతలు దిద్దాలి. ఎక్కడ దిద్దాలో, ఎందుకు దిద్దాలో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నాను. సోషల్ చెప్పే టీచర్లు, గ్రూప్స్‌కి చదివే పిల్లలు ఓపిగ్గా చదవండి. గోడకి అందంగా ఏదైనా తగిలించుకుందాం అనుకునేవాళ్లకి వచ్చే రెండు పేరాలు చాలు.

నేను తాళ్లరేవు వైపు ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. కాకినాడలో పుస్తకాల షాపు ఆయనకి చెబితే తెప్పించి పెట్టారు. నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల పైచిలుకు వెడల్పు. పైనా కిందా నల్ల ప్లాస్టిక్ పట్టీలు, పైన తాడు. లామినేషన్ దిట్టంగా ఉంది. వైట్‌బోర్డు మార్కరుతో రాస్తే పొడిగుడ్డతో చెరిగిపోతోంది. నా దృష్టిలో ఈ మ్యాపుకి అదే పెద్ద గుణం. ట్యూబులైటు ఎదురుగా కడితే మాత్రం సహారా అంతా మెరుపే, ఏమీ కనిపించదు. కిటికీ లేని గోడకి తగిలించండి.

రంగులు ఫర్వాలేదు. అక్షరాలు పెద్ద దేశాలకి చక్కగా ఉన్నాయి, రువాండా, బురుండి, గాంబియా దగ్గరకి వచ్చేసరికి భూతద్దం కావాలి. 2018లోనే ఎస్వాతినిగా పేరు మార్చుకున్న దేశాన్ని ఇంకా స్వాజీలాండ్ అనే వేశారు. కింద అంచున అన్ని దేశాల జెండాలూ వరసగా ఉన్నాయి. పిల్లలు ముందు చూసేది వాటినే. ప్రచురణకర్తల పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే లోపాలు వాళ్లొక్కళ్లవే కావు, బజార్లో నేను తిరగేసిన మ్యాపుల్లో చాలావాటికి ఉన్నవే.

ఇక అసలు సంగతి. ఎడమ పక్క కింద, అట్లాంటిక్ సముద్రం ఖాళీగా ఉన్నచోట, చిన్న పెట్టెలో 1914 నాటి ఆఫ్రికా వేశారు. ఫ్రాన్సుది ఒక రంగు, బ్రిటన్‌ది ఒకటి, జర్మనీ, పోర్చుగల్, బెల్జియం, ఇటలీ, స్పెయిన్ తలా ఒకటి. డబ్బులు పెట్టినందుకు ఈ పెట్టె ఒక్కటే చాలు. పిల్లల్ని దగ్గరకి పిలిచి, పెట్టెలో గీత మీద ఒక వేలు, పెద్ద పటంలో అదే గీత మీద ఇంకో వేలు పెట్టమంటే, యాభైకి పైగా దేశాల సరిహద్దుల్లో ఎన్ని దొరలు గీసినవో వాళ్లే చెప్పేస్తారు. దొరలు వెళ్లిపోయారు, గీతలు ఎందుకు మిగిలాయన్న ప్రశ్న కూడా వాళ్లే అడుగుతారు. జవాబు మ్యాపులో లేదు. టీచరు దగ్గర ఉండాలి.

పెట్టె కింద రాసిన వాక్యం మాత్రం కొట్టేయండి. '1884-85 బెర్లిన్ సమావేశంలో ఆఫ్రికాను గీతలు గీసి పంచుకున్నారు' అని వేశారు. మన గైడ్లలోనూ ఇదే మాట. బెర్లిన్‌లో కూర్చున్నవాళ్లు ముఖ్యంగా తేల్చుకున్నది పంపకాల పద్ధతి: కాంగో, నైజర్ నదుల్లో ఓడలు ఎవరు తిప్పుకోవచ్చు, తీరంలో కొత్తగా జెండా పాతినవాడు మిగతావాళ్లకి ఎలా తెలియజెయ్యాలి, అలాంటివి. ఈ పటంలో ఉన్న గీతల్లో చాలావాటిని ఆ తర్వాత ముప్పై ఏళ్లలో ఇద్దరిద్దరు కూర్చుని రాసుకున్నారు. 1890లో బ్రిటన్, జర్మనీ. 1898లో బ్రిటన్, ఫ్రాన్సు. 1913లో మళ్లీ బ్రిటన్, జర్మనీ. సంవత్సరం ఎందుకు పట్టించుకోవాలంటే, తర్వాత దేశాల పేచీలు తేల్చే అంతర్జాతీయ న్యాయస్థానంలో వాదనలు చాలావరకు ఆ కాగితాల మీదే నడిచాయి.

1960 ఒక్క ఏడాదిలోనే 17 ఆఫ్రికా దేశాలకి స్వాతంత్ర్యం వచ్చింది. 1963 మేలో అడిస్ అబాబాలో ఆఫ్రికా ఐక్యతా సంస్థ పుట్టింది. మరుసటి ఏడాది జులైలో కైరోలో దేశాధినేతలు కూర్చుని, స్వాతంత్ర్యం వచ్చిన నాటికి ఏ సరిహద్దు ఉందో దాన్నే గౌరవిస్తామని తీర్మానించుకున్నారు. ఆ గీతలు మంచివని వాళ్లెవరూ అనుకోలేదు. ఒకే తెగని రెండు మూడు దేశాలుగా కోసిన గీతలవి. ఒకటి కదిపితే పక్కది కదులుతుంది, కదపడం మొదలైతే ఎక్కడ ఆగుతుందో తెలియదు, అప్పుడే కళ్లు తెరిచిన దేశాలకి సైన్యాల ఖర్చే మిగులుతుంది, అదీ వాళ్ల లెక్క. ఇద్దరు ఒప్పుకోలేదు: మొరాకో, సోమాలియా.

సోమాలియా ఎందుకు ఒప్పుకోలేదో కింద జెండాల వరసలోనే ఉంది. లేతనీలం మీద తెల్ల నక్షత్రం, ఐదు కోణాలు. సోమాలీలు ఉండే ఐదు ప్రాంతాలకి అవి గుర్తు: బ్రిటిష్ సోమాలిలాండ్, ఇటాలియన్ సోమాలిలాండ్, ఇప్పుడు జిబూతి అయిన ఫ్రెంచి సోమాలిలాండ్, ఇథియోపియాలో ఒగాడెన్, కెన్యా ఉత్తర భాగం. మొదటి రెండే కలిసి 1960 జులైలో దేశమయ్యాయి. మిగతా మూడు కోణాలూ పక్క దేశాల్లో ఉండిపోయాయి. 1977లో ఒగాడెన్ కోసం సోమాలియా యుద్ధానికి దిగి ఓడిపోయింది కూడా.

ఉన్న గీతల్నే ఉంచుకునే ఈ పద్ధతి ఆఫ్రికావాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. దక్షిణ అమెరికాలో స్పెయిన్ కాలనీలు విడిపోయినప్పుడు 1810 నాటి పాలనా విభాగాల గీతల్ని, మధ్య అమెరికాలో 1821 నాటివాటిని దేశ సరిహద్దులుగా ఖాయం చేసుకున్నారు. పేరు లాటిన్‌లో ఉంటుంది, ఉతి పాసిడెటిస్ యూరిస్ అని. రోమన్ చట్టంలో, ఆస్తి అసలు ఎవరిదో తేలేదాకా ప్రస్తుతం స్వాధీనంలో ఉన్నవాణ్ణి కదపొద్దని ఇచ్చే ఉత్తర్వు నుంచి వచ్చింది. అక్కడ అది తాత్కాలికం. ఇక్కడ శాశ్వతమైపోయింది.

ఇప్పుడు మ్యాపు మీద నా మొదటి ఫిర్యాదు. 1914 పెట్టెలో పశ్చిమ ఆఫ్రికా చూడండి. సెనెగల్ నుంచి నైజర్ దాకా ఒకే రంగు ముద్ద, మీద 'ఫ్రెంచి పశ్చిమ ఆఫ్రికా' అని ఒకే పేరు. పెద్ద పటంలో అదే ముద్ద ఎనిమిది దేశాలుగా ఉంది. ఆ లోపలి గీతలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? పెట్టె చెప్పదు. పిల్లవాడు చూస్తే, స్వాతంత్ర్యం వచ్చాక వాళ్లే గీసుకున్నారు కాబోలు అనుకుంటాడు.

నిజానికి సరిహద్దుల వారసత్వంలో రెండు రకాలు ఉన్నాయి, ఈ మ్యాపు రెండింటినీ కలిపేసింది. ఒకటి, ఇద్దరు దొరల మధ్య ఒప్పందం మీద గీసిన గీత. దొర మారినంత మాత్రాన ఒప్పందంలోని సరిహద్దు చెదరదని 1978 వియన్నా ఒప్పందం 11వ అధికరణం చెబుతుంది. అంతకుముందు 1969 వియన్నా ఒప్పందం కూడా, పరిస్థితులు మారాయన్న సాకుతో సరిహద్దు ఒప్పందాన్ని తోసిపుచ్చడానికి వీల్లేదంది. రెండోది, ఒకే దొర తన పాలనా సౌకర్యం కోసం లోపల గీసుకున్న గీత. జిల్లాకీ జిల్లాకీ మధ్య ఉండేలాంటిది. అటు ఇటు ఒకే గవర్నర్ జనరల్, డకార్‌లో కూర్చుని. అతనికి ఆ గీత ఎక్కడుందో కచ్చితంగా తెలియాల్సిన అవసరం కూడా పెద్దగా లేదు. స్వాతంత్ర్యం రోజున అదే గీత అంతర్జాతీయ సరిహద్దు అయి కూర్చుంది. పేచీలు ఎక్కువ వచ్చేవి వీటిలోనే, ఎందుకంటే కాగితం సరిగా ఉండదు.

మాలీకీ బుర్కినా ఫాసోకీ మధ్య అగాషే అనే పట్టీ దగ్గర జరిగింది ఇదే. ఇద్దరూ ఒకప్పుడు ఫ్రెంచి ముద్దలోవాళ్లే. పైగా అప్పర్ వోల్టా అని పిలిచిన ఈ బుర్కినా ఫాసోని ఫ్రాన్సు 1919లో ఏర్పాటు చేసి, 1932లో రద్దు చేసి పక్కవాటిలో ముక్కలుగా కలిపేసి, మళ్లీ 1947లో 1932 నాటి హద్దులతోనే బతికించింది. పాలకుల ఇష్టానికి పుట్టి, చచ్చి, లేచిన కాలనీ అది. 1985 డిసెంబరులో క్రిస్మస్ నాడు రెండు దేశాలూ కొట్టుకున్నాయి. అప్పటికే కేసు అంతర్జాతీయ న్యాయస్థానంలో ఉంది. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1986 డిసెంబరు 22న తీర్పు ఇచ్చింది. పట్టీని ఇద్దరికీ పంచుతూ గీత గీసింది. ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఆ తీర్పులో రెండు మాటలు పిల్లలకి తప్పక చెబుతాను. మొదటిది, స్వాతంత్ర్యం వచ్చిన క్షణంలో భూమి ఎలా ఉందో దానికి ఫొటో తీసినట్టు చూస్తామని ధర్మాసనం అంది. గడియారం ఆపుతాం గానీ ముళ్లు వెనక్కి తిప్పం అంది. కాలనీ చేసిన అన్యాయాన్ని సరిదిద్దే బాధ్యత ఈ సూత్రం మీద లేదన్నమాట.

రెండో మాట మ్యాపులు అచ్చు వేసేవాళ్లు ఫ్రేము కట్టించి పెట్టుకోవాల్సింది. మ్యాపు అనేది సమాచారం మాత్రమే, ఎంత నమ్మదగినదో ఒక్కో కేసులో ఒక్కోలా ఉంటుంది, అచ్చయిందన్న ఒక్క కారణంతో భూమి మీద హక్కు ఇవ్వదు అంది. మన ఊళ్లో పొలం రిజిస్ట్రేషన్ చేయించినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. దస్తావేజుకి జతపరిచి సంతకాలు పెట్టిన ప్లానుకి ఒక విలువ, ఎవరో తెల్లకాగితం మీద గీసిచ్చిన ప్లానుకి ఇంకో విలువ. ఆ కేసులో ఫ్రెంచి జాతీయ భౌగోళిక సంస్థ 1958-60 మధ్య వేసిన రెండు లక్షలకి ఒకటి స్కేలు మ్యాపుని మాత్రం ధర్మాసనం బాగానే నమ్మింది. ఇతర రుజువులు దొరకనిచోట దాన్నే పట్టుకుంది. కారణం, ఆ మ్యాపు వేసినవాళ్లకి ఈ పేచీలో ఏ పక్షమూ లేదు.

మ్యాపుకి విలువ లేదని పిల్లలు అనుకోకుండా వెంటనే ఉల్టా ఉదాహరణ చెప్పాలి. ఈ పటంలో లేనిది, కంబోడియాది. సయాం (ఇప్పటి థాయిలాండ్), అప్పట్లో కంబోడియాని ఏలుతున్న ఫ్రాన్సు 1904లో ఒప్పందం రాసుకున్నాయి: డాంగ్రెక్ కొండల్లో వాననీరు అటు ఇటు విడిపోయే గట్టే సరిహద్దు అని. ఫ్రెంచి అధికారులు మ్యాపు తయారుచేశారు. అందులో ప్రేహ్ విహేర్ గుడి కంబోడియా వైపు వచ్చింది. నీటి గట్టు లెక్కన చూస్తే అలా రాకూడదన్నది తర్వాత థాయిలాండ్ వాదన. కానీ 1908లో మ్యాపులు చేతికందినప్పుడు సయాం ఒక్కమాట అనలేదు, పైగా యువరాజు డామ్రోంగ్ ఇంకో 15 ప్రతులు పంపమని అడిగాడు. ఆయనే 1930లో గుడి చూడ్డానికి వెళ్తే ఫ్రెంచి జెండా కింద ఫ్రెంచి అధికారి స్వాగతం చెప్పాడు. అప్పుడూ మాట్లాడలేదు. 1962 జూన్ 15న న్యాయస్థానం 9-3 తేడాతో గుడి కంబోడియాదేనంది. ఇన్నేళ్లు మౌనంగా ఉండి మ్యాపుని ఒప్పుకున్నారు, ఇప్పుడు కాదంటే కుదరదు అంది. మౌనం అర్ధాంగీకారం అంటారు గదా మనవాళ్లు, అక్కడ పూర్తి అంగీకారంగానే లెక్కేశారు.

ఇంత కథ చెప్పాక ఈ గోడ మ్యాపు ఒక్క పశ్చిమ సహారా దగ్గర తప్ప సరిహద్దులన్నీ ఒకే లావు నల్లగీతతో వేసిందంటే నాకు చిరాకు రాదా? మా బళ్లో ఇలా దిద్దుకున్నాం. ఇద్దరు దొరల ఒప్పందం గీతల మీద నల్ల మార్కరు. ఒకే దొర లోపలి గీతల మీద ఎర్ర మార్కరు. ఇంకా తేలనివాటి మీద చుక్కలు. పెట్టెలో రెండు రంగుల మధ్య ఉంటే నలుపు, ఒకే రంగు లోపల ఉంటే ఎరుపు, అంతే సూత్రం. పిల్లలు తొందరగానే పట్టేశారు. పశ్చిమాన ఎరుపు గుంపుగా వచ్చింది. అందులో నైజర్ నది మీద బెనిన్‌కీ నైజర్‌కీ మధ్య గీత కూడా ఉంది. ఆ నదిలో లేతే దీవి ఎవరిదన్న కేసు 2005లో తేలి, దీవి నైజర్‌కి వెళ్లింది. మ్యాపులో దీవి కనిపించదనుకోండి, స్కేలు అలాంటిది.

ఇక ముక్కముక్కగా.

బకాసి: సరిగ్గా వేశారు, కామెరూన్‌లో ఉంది. నైజీరియాకీ కామెరూన్‌కీ మధ్య ఉన్న ఈ చిత్తడి ద్వీపకల్పాన్ని 1913 మార్చిలో బ్రిటన్, జర్మనీ రాసుకున్న ఒప్పందం జర్మన్ కామెరూన్ వైపు వేసింది. నైజీరియా వాదన వినడానికి న్యాయంగానే ఉంటుంది: 1884లో ఆ తీరంలోని పాత కాలబార్ రాజులు, పెద్దలు బ్రిటన్‌తో రక్షణ ఒప్పందం చేసుకున్నారు, రక్షిస్తానన్నవాడు ఇంటివాడి భూమిని మూడోవాడికి ఎలా రాసిస్తాడు? 2002 అక్టోబరు 10న న్యాయస్థానం ఆ వాదన తోసేసి కామెరూన్‌కే ఇచ్చింది. 2006లో న్యూయార్క్ దగ్గర గ్రీన్‌ట్రీ అనేచోట ఒప్పందం కుదిరి, 2008 ఆగస్టుకల్లా అప్పగింత పూర్తయింది. అక్కడ బతికే చేపల వేటగాళ్లలో ఎక్కువమంది తమని నైజీరియావాళ్లుగానే అనుకునేవాళ్లు. వాళ్లని ఓటు అడగలేదు. పాఠం చెబుతూ ఇక్కడ నాకు ప్రతిసారీ గొంతు కాస్త తగ్గుతుంది, మా పిల్లల్లో సగం మంది వేటకెళ్లే ఇళ్లవాళ్లే మరి. యుద్ధం తప్పింది, నిజమే. దాని ఖర్చు ఎవరి మీద పడిందో మాత్రం తీర్పు చదివితే కనిపించదు.

అవుజు పట్టీ: చాద్, లిబియా రెండూ నాదన్న నేల ఇది. ఇదీ సరే, చాద్‌లో ఉంది. 1955లో, అప్పటికి చాద్‌ని ఏలుతున్న ఫ్రాన్సు, లిబియా చేసుకున్న ఒప్పందమే సరిహద్దుకి ఆధారమని 1994 ఫిబ్రవరిలో తీర్పు, అదే ఏడాది మే నెలాఖరుకి లిబియా సైన్యం ఖాళీ చేసింది.

నమీబియా తోక: పిల్లలకి భలే ఇష్టం. కాప్రివి పట్టీ అంటారు, 1890 ఒప్పందంలో, అప్పట్లో నమీబియాని ఏలుతున్న జర్మనీకి జాంబెజీ నది అందాలని అంటగట్టిన సన్నటి నేల. అక్కడి చోబే నదిలో ఒక దీవి మీద బోట్స్‌వానా, నమీబియా కోర్టుకెళ్లాయి. నదిలో ప్రధాన పాయ ఏది అన్నదే ముఖ్యమైన ప్రశ్న. 1999లో దీవి బోట్స్‌వానాకి వచ్చింది.

పశ్చిమ సహారా: విడి రంగు వేసి, ఉత్తరాన గీతని చుక్కలుగా వేశారు. మెచ్చుకోవాలి. స్పెయిన్ వదిలిన ఈ నేల మీద మొరాకోకి సార్వభౌమాధికారం ఉండేదనే బంధమేదీ రుజువు కాలేదని, అక్కడి ప్రజల స్వయంనిర్ణయ హక్కు నిలిచే ఉందని 1975 అక్టోబరులో న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. అయినా ఇంకా తేలలేదు.

సూడాన్, దక్షిణ సూడాన్: గీత నిండుగా వేసేశారు, తప్పు. 2011 జులై 9న దక్షిణ సూడాన్ పుట్టినప్పుడు పట్టుకున్న గీత 1956 జనవరి 1 నాటిది, అంటే సూడాన్‌కి స్వాతంత్ర్యం వచ్చిన రోజుది. విడిపోయినవాళ్లకీ పాత పాలనా గీతే దిక్కయింది. ఎరిట్రియా కూడా అంతే, 1993లో ఇథియోపియా నుంచి బయటికొచ్చింది ఇటలీ కాలనీ హద్దులతోనే. ఈ సూత్రం విడిపోవడాన్ని ఆపలేదు, విడిపోతే ఎక్కడ విడిపోవాలో మాత్రం ముందే చెప్పేసింది. రెండు సూడాన్ల మధ్యలో అబ్యే అనే ప్రాంతం ఎవరిదో నేటికీ తేలలేదు. మ్యాపులో ఆ పేరే లేదు. మేం చుక్కలు పెట్టి రాసుకున్నాం.

బీర్ తవీల్: అన్నిటికంటే పెద్ద తప్పు ఇక్కడ, అన్నిటికంటే సరదా పాఠమూ ఇక్కడే. ఈజిప్టుకీ సూడాన్‌కీ మధ్య 1899లో 22వ అక్షాంశం వెంట తిన్నని గీత గీశారు. 1902లో పాలన సౌకర్యం కోసం ఇంకో వంకర గీత గీశారు. దాని ప్రకారం సముద్రం పక్కన హలాయిబ్ త్రికోణం సూడాన్ వైపు, లోపల ఎడారిలో బీర్ తవీల్ అనే చిన్న ముక్క ఈజిప్టు వైపు వచ్చాయి. ఇద్దరికీ కావలసింది హలాయిబ్. అందుకని ఈజిప్టు 1899 గీతే అసలుదంటుంది, సూడాన్ 1902 గీతే అసలుదంటుంది. ఏ గీత ప్రకారం హలాయిబ్ నాదన్నా, అదే గీత ప్రకారం బీర్ తవీల్ ఎదుటివాడిది అవుతుంది. దాంతో సుమారు 2,000 చదరపు కిలోమీటర్ల నేల, మాది అని ఏ ప్రభుత్వమూ అననిది, భూమి మీద మిగిలిపోయింది. మా మ్యాపువాళ్లు దాన్ని చక్కగా ఈజిప్టు రంగులో ముంచారు, హలాయిబ్‌ని కూడా ఈజిప్టుకే ఇచ్చేశారు. రెండూ కలిపి అడిగే ధైర్యం ఈజిప్టుకే లేదు. ఈ కథ చెప్పగానే వెనక బెంచీ నుంచి "అయితే మనం ఆక్రమించెయ్యొచ్చా మేడం?" అని ప్రశ్న. "నీళ్లు లేవురా అక్కడ" అన్నాను. "బోరు వేద్దాం మేడం" అన్నాడు.

మారిషస్ పెట్టె: కుడి పక్క మారిషస్‌కి విడిగా పెట్టె కట్టి అందులో చాగోస్ దీవులు కూడా చూపి, పక్కన 'బ్రిటన్' అని వేశారు. అంతే రాసి ఊరుకోవడం బాగాలేదు. మారిషస్‌కి 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. మూడేళ్ల ముందు, 1965లో, బ్రిటన్ చాగోస్‌ని దాన్నుంచి కోసి అట్టిపెట్టుకుంది. ఫొటో తీసే ముందు ఫ్రేములోంచి ఒకర్ని పక్కకి లాగేశాక, ఆ ఫొటోనే చివరిమాట అంటే ఎలా? 2019 ఫిబ్రవరిలో న్యాయస్థానం ఆ కోత చెల్లదని, బ్రిటన్ అక్కడ పాలనని వీలైనంత త్వరగా ముగించాలని సలహా అభిప్రాయం ఇచ్చింది. 2025 మేలో సార్వభౌమాధికారం మారిషస్‌కి ఇచ్చే ఒప్పందం మీద రెండు దేశాలూ సంతకాలు చేశాయి. కాలనీని విడిచిపెట్టే ముందు దాన్ని ముక్కలు చెయ్యకూడదన్న సంగతి ఈ పాఠంలో ముఖ్యమైన సగం. మ్యాపులో ఒక చుక్క గుర్తు, కింద ఒక వాక్యం ఇస్తే సరిపోయేది.

మా పిల్లలకి దొరల గీత అంటే ఊహించుకోవలసిన వస్తువు కాదు. ఆటో ఎక్కితే యానాం. పెట్రోలు బంకు దగ్గర మన బళ్లు ఎందుకు వరస కడతాయో చిన్నపిల్లలకి కూడా తెలుసు. 30 చదరపు కిలోమీటర్ల ఫ్రెంచి ముక్క, చుట్టూ ఆంధ్ర, పాలన మాత్రం పుదుచ్చేరిది. 1954లో చేతులు మారింది, 1956 మేలో ఫ్రాన్సుతో ఒప్పందం, 1962 ఆగస్టుకి చట్టరీత్యా పూర్తయింది. "మరి ఆంధ్రలో ఎందుకు కలిపెయ్యలేదు మేడం, చుట్టూ మనమేగా?" అని అడుగుతారు. ఆ 1956 ఒప్పందంలోనే ఉంది జవాబు: ఆ ప్రాంతాల ప్రత్యేక పాలనా హోదా కొనసాగుతుంది, మార్చాలంటే అక్కడి ప్రజల అభిప్రాయం తెలుసుకోవాలి అని. అదే ఫ్రెంచివాళ్లదైన చందర్‌నగర్ 1949లో ఓటు వేసి భారత్‌లోకి వచ్చి, 1954లో పశ్చిమ బెంగాల్‌లో కలిసిపోయింది. ఇప్పుడు యానాం హద్దు మన దేశం లోపలి వ్యవహారం, అంతర్జాతీయ న్యాయస్థానానికి సంబంధం లేదు. కానీ ఊరి పక్కనే ఒక పాత గీత ఇంకా పని చేస్తుంటే, మాలీ గురించి చెప్పడం నాకు తేలికైంది.

గీత మార్చకూడదన్న నియమం ఏమీ లేదని కూడా చెప్పండి. ఇద్దరూ ఒప్పుకుంటే నిక్షేపంగా మార్చుకోవచ్చు. మనమూ బంగ్లాదేశూ 2015 జులై 31 అర్ధరాత్రి మార్చుకున్నాం, అక్కడి మన 111 ముక్కలు వాళ్లకి, ఇక్కడి వాళ్ల 51 ముక్కలు మనకి. అక్కడి జనాన్ని ఏ దేశంలో ఉంటారో ఎంచుకోమన్నారు. బకాసి పక్కన ఈ ఉదాహరణ పెట్టి చెబితే పిల్లలు వాళ్లంతట వాళ్లే వాదించుకుంటారు. మనం చాక్‌పీసు పక్కన పెట్టి కూర్చోవచ్చు.

ఎవరికి కొనమంటాను? హైస్కూళ్లకి, తప్పకుండా. ఆ 1914 పెట్టె, చెరిగే లామినేషన్, రెండూ కలిసి ఈ ధరలో నాకు వేరే ఎక్కడా దొరకలేదు. పోటీ పరీక్షలవాళ్లకి వద్దు. కొత్త పేర్లు లేవు, తేలని సరిహద్దులకి సరైన గుర్తుల్లేవు, అట్లాసు నయం. ఇంట్లో గోడకి అంటారా, మీ ఇష్టం, ట్యూబులైటు సంగతి చెప్పాను. వచ్చే ముద్రణలో కనీసం నాలుగు మార్పులు చెయ్యమని ప్రచురణకర్తలకి ఉత్తరం రాశాను: బీర్ తవీల్, అబ్యే, చాగోస్, బెర్లిన్ వాక్యం. ఫ్రెంచి ముద్దలో లోపలి గీతలు సన్నగా అయినా వెయ్యమన్నాను. చేస్తే నాలుగున్నర ఇస్తాను.

పైపట్టీ ఒక పక్క ఊడివచ్చింది, ఫెవిక్విక్ వేస్తే నిలబడింది. తీసుకునేటప్పుడు రోల్ చేసి గొట్టంలో ఇమ్మని గట్టిగా అడగండి. పక్క ఊరి బడి మాస్టారికి మడతపెట్టి ఇచ్చారు. మడత సరిగ్గా భూమధ్యరేఖ మీద పడి, కాంగో అక్షరాలు వారంలోనే రాలిపోయాయిట.